తెర వెనుకటి నృత్యము: చలించు నిర్మాణములతో నృత్యరచన

నృత్యమనగా మానవదేహము కదలుట యని మనము సామాన్యముగా తలచుచుందుము. ఆ దేహమున ఏ తాళమునకు ఏ అడుగు పడవలెనో నిర్ణయించుటయే నృత్యరచన యని చెప్పుకొందుము. ఈ నిర్వచనము తప్పు కాదు గాని చాలదు. నర్తకుని చేతిలో గాని, పాదముల క్రింద గాని, ఎదుట గాని తానును కదలగల వస్తువొకటి యున్నప్పుడు నృత్యము ఒక్క దేహములో నిముడదు. అప్పుడు కదలునవి రెండు: మనుష్యుడు, వస్తువు. వీరిలో ఎవరు ఎవరిని నడపుచున్నారు, ఎవరు ఎవరికి ఎంత మేరకు లొంగుచున్నారు, ఎచ్చట ఆగవలెను అను ప్రశ్నలు పుట్టును. ఈ ప్రశ్నలకు సమాధానము కూర్చుటయే అట్టిచోట నృత్యరచన. పాశ్చాత్య దేశములలో నర్తకులును, శిల్పులును, యంత్రనిర్మాతలును దీనిని నేడు ఉత్సాహముతో చర్చించుచున్నారు. మన తోలుబొమ్మలవారు తరతరములుగా దీనికి సమాధానము చెప్పుచునే యున్నారు. ఆ సమాధానమును మనము చదువవలసిన చోట చదువలేదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

వాదమును ముందుగానే చెప్పుట మేలు. చలించు ప్రతి నిర్మాణమునకు ఒక స్వధర్మము కలదు. దాని బరువు, దాని ఊపు, దాని రాపిడి—ఇవియే ఆ ధర్మము. మనుష్యుడు దానిని పూర్తిగా అణచినచో ఆ నిర్మాణము అలంకార మాత్రమగును. పూర్తిగా దానికి లొంగినచో మనుష్యుడు ప్రేక్షక మాత్రుడగును. ఈ రెండింటి నడుమ ఒడంబడిక కుదిర్చినదే ఉత్తమ రచన. తోలుబొమ్మ గొప్పతనము దాని చిత్రములో కంటె ఈ ఒడంబడికలో నెక్కువగా నున్నది. కావున బొమ్మను భద్రపఱచి ఒడంబడికను పోగొట్టుకొనుట, వీణను గోడకు తగిలించి సంగీతమును కాపాడితి మనుకొనుట వంటిది.

పళ్ళెము నేర్పిన పాఠము

అందఱు చూచియుండెడి ఉదాహరణముతో నారంభింతము. కూచిపూడి సంప్రదాయమున తరంగమును ప్రదర్శించునప్పుడు నర్తకి ఇత్తడి పళ్ళెపు అంచులపై పాదములు మోపి రంగస్థలమున సంచరించును. పళ్ళెమునకు కీళ్ళు లేవు. అది తనంత తాను కదలదు. అయినను నర్తకి ఒక పాదముపై భారము మోపగనే ఆ వైపు అంచు నేలకు అదుముకొనును, రెండవ వైపు తేలికయగును. తేలికయైన వైపును పాదముతో ముందునకు త్రిప్పి, భారమును మార్చి, మరల మొదటి వైపును త్రిప్పవలెను. ఇట్లు పళ్ళెము వంతులవారీగా ముందునకు సాగును. ఆమె వేయు అడుగులు నేలమీద వేయు అడుగులు కావు. అవి పళ్ళెము అనుమతించిన అడుగులు.

ఈ నృత్యమును కొందఱు కేవలము గారడి యని తీసివేయుదురు. మఱికొందఱు ఇదియే కూచిపూడికి శిఖరమందురు. రెండును తొందరపాటు మాటలే. పరీక్ష సులభమైనది. పళ్ళెము తాళముతో కూడి కదలి, తాళముతో కూడి ఆగుచున్నదా? అట్లయినచో అది నృత్యము. నర్తకి పడిపోకుండుటయే ప్రేక్షకుల ఉత్కంఠ యైనచో అది గారడియే. ఈ చిన్న కొలతను చేతబట్టుకొని తోలుబొమ్మ దగ్గఱకు పోదము.

మూడు కఱ్ఱలు, రెండు చేతులు

మన తోలుబొమ్మలు భారతదేశమునందలి ఛాయాబొమ్మలలో మిక్కిలి పెద్దవైన వానిలో చేరినవి. నాలుగు మొదలు ఆఱడుగుల ఎత్తు గల బొమ్మలు సాధారణము. మేకతోలును వెలుగు పాఱునంత పలుచగా సిద్ధపఱచి, రెండు వైపుల రంగులు దిద్ది, ఆభరణముల చోట్ల రంధ్రములు తొలుతురు. అందువలన తెరమీద పడునది నల్లని నీడ కాదు, రంగుల నీడ. ఇంతవఱకు అందఱు వర్ణించుచుందురు. చిత్రకళను గూర్చి వ్రాయువారు ఇచ్చటనే ఆగుదురు. నృత్యకథ ఇచ్చట మొదలగును.

బొమ్మకు భుజములయందు, మోచేతులయందు, తఱచుగా నడుమునందును మోకాళ్ళయందును కీళ్ళుండును. తోలుముక్కలను దారముతో వదులుగా ముడివేయుటయే కీలు. దేహము నడుమ నిలువునా ఒక కఱ్ఱ; చేతులకు చెఱియొక కఱ్ఱ. అనగా మూడు కఱ్ఱలు. ఆడించువానికి చేతులు రెండే. ఈ మూటికిని రెంటికిని గల వ్యత్యాసమునందే నృత్యరచన పుట్టుచున్నది. రెండు కఱ్ఱలను ఒకే చేతి వ్రేళ్ళలో ఇమిడ్చి ఆడింపవలెను. లేదా ఒక బాహువును వ్రేలాడనిచ్చి రెండవదానితో అభినయింపవలెను. ఏ క్షణమున దేనిని పట్టవలెను, దేనిని విడువవలెను అను ఎంపిక ప్రతి మాటకును చేయవలసి యుండును. కోపముతో మాటాడు పాత్ర ఒక చేయి యెత్తినప్పుడు రెండవ చేయి ఊరకుండుట నిర్మాణపు లోపము కాదు. ఆ ఊరకుండుటయే ఎత్తిన చేతికి బలము నిచ్చుచున్నది.

ఇక కాళ్ళ సంగతి. సామాన్యముగా కాళ్ళకు కఱ్ఱలుండవు. అవి దేహమునుండి వ్రేలాడుచు, నడుము కఱ్ఱ కదలినప్పుడు ఊగును. అనగా ప్రతి కాలును ఒక లోలకము. లోలకపు ఊపు దాని బరువుపై గాక పొడవుపై ఆధారపడునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఒక మీటరు పొడవు గల సాధారణ లోలకము అటునిటు ఒకసారి ఊగివచ్చుటకు రమారమి 2 సెకనులు పట్టును. పావు మీటరు లోలకమునకు 1 సెకను చాలును. పొడవు నాలుగింతలైనచో కాలము రెండింతలగును. తోలుకాలు ఈ లెక్కకు సరిగా అమరదు. గాలి నిరోధమును, తెర రాపిడియు దానిని మందగింపజేయును. అయినను పోకడ ఒక్కటే: పెద్ద బొమ్మ కాలు నిదానముగా ఊగును, చిన్న హాస్యపు బొమ్మ కాలు చుఱుకుగా ఊగును. ఆడించువాడు పెద్ద బొమ్మను ద్రుతగతిలో పరుగెత్తింప జూచినచో కాళ్ళు వెనుకబడి చిక్కుపడును. రాక్షసరాజు గంభీరముగా నడచుట, విదూషకుడు చిందులు త్రొక్కుట పాత్రౌచిత్యమే గాక తోలు పొడవు విధించిన లయ కూడ. ఔచిత్యమును, యంత్రధర్మమును ఇట్లు ఒక్కచోట కలిసినప్పుడు కళ సహజముగా తోచును.

పాదముల పాత్ర

ప్రేక్షకుడు తెరపై చూచునది బొమ్మ నృత్యము. వినునది మాత్రము మనుష్యుని పాదములు. ఆడించువాడు కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, తెర వెనుక నిలిచి, పాట పాడుచు, మాట చెప్పుచు, తాళమునకు అడుగులు వేయును. యుద్ధఘట్టములలో నేలపై నుంచిన చెక్కపలకలను పాదములతో త్రొక్కి దెబ్బల చప్పుడు పుట్టించును. బొమ్మ చేయి విసరిన క్షణముననే పలక మ్రోగవలెను. ఒక్క లిప్త ముందైనను వెనుకైనను దెబ్బ అబద్ధమగును. ఇట్లు నృత్యము రెండు ముక్కలై, ఒక ముక్క కంటికిని ఒక ముక్క చెవికిని చేరి, ప్రేక్షకుని మనస్సులో మరల ఒక్కటగుచున్నది. బొమ్మకు అడుగుల చప్పుడు లేదు. మనుష్యునికి ఆకారము లేదు. ఒకరి కొఱతను మఱొకరు తీర్చుకొందురు.

మఱియొక విశేషము. సభాసన్నివేశములలో మాటాడని పాత్రలను ఈతముండ్లతో తెరకు గ్రుచ్చి నిలుపుదురు. చేతులు తక్కువ గనుక ఇట్లు చేయుదురని చెప్పవచ్చును. నిజమే. కాని అవసరమునుండి పుట్టిన ఈ ఉపాయము రచనకు గొప్ప మేలు చేసినది. నిశ్చలమైన పది బొమ్మల నడుమ ఒక్క బొమ్మ చేయి కదలినచో చూపు అచ్చటికే పోవును. ఎవరిని కదలింపవలె నను ప్రశ్నకంటె ఎవరిని ఆపవలె నను ప్రశ్న నృత్యరచయితకు కఠినమైనది. ముల్లు ఆ ప్రశ్నకు సమాధానము.

ఇరుగుపొరుగు రీతులు

మన బొమ్మలు పెద్దవి, కీళ్ళు గలవి, రంగులు గలవి గనుక అవియే శ్రేష్ఠమని మన సభలలో వినవచ్చుచుండును. వేఱు రాష్ట్రములలో స్థిరపడి, ఇరుగుపొరుగు కళలను కన్నులార చూడగల అవకాశమున్న మనము ఈ మాటను అంత సులభముగా అనరాదు. ఒడిశాలోని రావణఛాయ బొమ్మలు చిన్నవి, కీళ్ళు లేనివి, రంగులు లేనివి. ఒక్క తోలుముక్కయే ఒక పాత్ర. చేయి కదలదు, కాలు కదలదు. అయినను ఆడించువాడు బొమ్మను మొత్తముగా వంచి, త్రిప్పి, తెరకు చేర్చి, దూరము చేసి భావమును పుట్టించును. వెలుగునకును తెరకును సరిగా నడుమ నిలిచిన బొమ్మ నీడ రెండింతలగును. తెరకు ఆనిన బొమ్మ నీడ స్ఫుటముగా నిలుచును. ఈ పెఱుగుట తఱుగుటలే అచ్చట అంగవిన్యాసము. మన రచన కీళ్ళలో నున్నది, వారి రచన దూరములో నున్నది. కీళ్ళు లేవని దానిని ప్రాథమికమనుట, వేణువునకు తంత్రులు లేవని నిందించుట వంటిది.

కర్ణాటకమునందలి తొగలు గొంబెయాటలో పాత్ర స్థాయిని బట్టి బొమ్మ పరిమాణము మాఱుచుండును. రాజులును దేవతలును పెద్దవారు, సేవకులు చిన్నవారు. పైని చెప్పిన లోలకన్యాయము అచ్చటను వర్తించును: స్థాయి పెరిగిన కొలది నడక నెమ్మదించును. కేరళమున భద్రకాళీ ఆలయముల కూత్తుమాడములలో ఆడు తోల్పావకూత్తునందు 21 దీపములు వెలిగించి కంబరామాయణమును వ్యాఖ్యానించుచు నడపుదురు. అనేక బొమ్మలకు ఒక్క చేయియే కదలును. అచ్చట వాక్కు ముందు నడచును, చలనము వెంట వచ్చును. మహారాష్ట్రలో సింధుదుర్గ జిల్లా పింగుళి గ్రామమున ఠాకరు కుటుంబములు చామడ్యాచ్యా బాహుల్యా అను తోలుబొమ్మలాటను నిలుపుకొనుచున్నారు.

ఇచ్చట మనకు ప్రత్యేకముగా తట్టవలసిన సంగతి యొకటి కలదు. తెలుగునాట తోలుబొమ్మలాడించు కుటుంబములలో చాలమంది ఇంట మరాఠీ మాండలికము మాటాడుదురు; తెరవెనుక తెలుగు పాడుదురు. తమిళనాట తోల్పావైక్కూత్తు ఆడువారిలోను మరాఠీ మాటాడువారు పెక్కుమంది. ఒక భాషను ఇంటను, ఒక భాషను వృత్తిలోను నిలుపుకొని వందల యేండ్లు బ్రదికినవారు వీరు. ప్రవాసమున మాతృభాషను కాపాడుకొను మనకు వారి బ్రదుకు పరాయిది కాదు. మనది అని మనము గర్వించు ఈ కళ, మనవలెనే వలసవచ్చి స్థిరపడినవారి చేతులలో పెరిగినది.

వేయి చేతులు, ఒక్క రథము

ఒక్క మనుష్యుడు ఒక్క నిర్మాణమును నడపుటకు బొమ్మ ఉదాహరణమైనచో, వేలమంది ఒక్క నిర్మాణమును నడపుటకు పూరీ రథములు ఉదాహరణము. నందిఘోషకు 16, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12 చక్రములు. ఏటేట క్రొత్తగా కట్టుదురు. వీనికి దిశ త్రిప్పు యంత్రము లేదు. త్రాళ్ళ లాగుడే దిక్కు. నిలిచియున్న బరువును కదలించుటకు పట్టు బలము, కదలుచున్న దానిని సాగించుటకు పట్టు బలముకంటె అధికము. కావున మొదటి లాగుడు అందఱిదియు ఒక్కసారి పడవలెను. రథముపై నిలిచి పాటలతో కేకలతో జనమును ఒక్క ఊపునకు తెచ్చెడి డాహుకుడు ఈ పనికే యున్నాడు. అతడు చేయునది భక్తిగానమే కాదు, నృత్యరచన కూడ. కదలిన తరువాత కష్టము తలక్రిందులగును: కదలించుట సులభము, ఆపుట దుర్లభము. చక్రముల క్రింద దుంగలు త్రోయువారి నేర్పు అప్పుడు వేల ప్రాణములకు రక్ష. మనుష్యులకును చలించు నిర్మాణమునకును నడుమ నుండు ఒడంబడిక అందమునకు మాత్రమే సంబంధించినది కాదని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

పశ్చిమమున నూతన ప్రయోగములు

ఇప్పుడు పశ్చిమదేశముల ప్రయోగములను తూచిచూడవచ్చును. జర్మనీలో ఆస్కర్ ష్లెమ్మర్ రచించిన ట్రయాడిక్ బ్యాలే 1922లో స్టుట్‌గార్ట్ నగరమున ప్రదర్శింపబడినది. ముగ్గురు నర్తకులు, పండ్రెండు నృత్యములు, పదునెనిమిది వేషములు. గోళములు, శంకువులు, చుట్టలు చుట్టిన తీగెలు వంటి ఆకారములు గల ఆ వేషములు దేహమును స్వేచ్ఛగా కదలనీయవు. ష్లెమ్మరు కోరినది ఆ నిర్బంధమునే. వేషము అనుమతించిన కదలికయే నృత్యమైనది. మన పళ్ళెపు నర్తకి ఈ సూత్రమును గ్రహింపగలదు.

విలియమ్ ఫోర్సైత్ 1984 నుండి 2004 వఱకు ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే సంస్థను నడపిన నృత్యరచయిత. నృత్యరచనకు నర్తకుని దేహము తప్పనిసరియా యని ప్రశ్నించి, ‘నృత్యరచనా వస్తువులు’ అను పేర కొన్ని నిర్మాణములను కల్పించెను. వానిలో ‘నోవేర్ అండ్ ఎవ్రీవేర్ అట్ ది సేమ్ టైమ్’ అనునది ముఖ్యమైనది. 2005లో మొదలైన ఈ భావనకు 2013 నాటి రెండవ రూపమున నాలుగు వందలకు పైగా లోలకములు పైకప్పునుండి వ్రేలాడుచు యంత్రబలముతో ఊగుచుండును. సందర్శకులు వాని నడుమ నడువవచ్చును. నియమమొక్కటే: లోలకము తగులరాదు. అంతే. వంగుట, ప్రక్కకు తొలగుట, ఆగుట, త్వరపడుట—ఇవన్నియు ఎవరును నేర్పకయే పుట్టును. నృత్యమెఱుగని వృద్ధులును పిల్లలును కొంతసేపు నర్తకులగుదురు. ఒక్క నియమము వేయి అడుగులను కనుట మేధావి చేయదగిన పని. దానిని మెచ్చుకొనక తప్పదు.

అయినను మన కొలతతో కొలిచినచో దీనికొక పరిమితి కనబడును. ఇచ్చట మనుష్యునికిని నిర్మాణమునకును గల సంబంధము తప్పించుకొనుట. సందర్శకుడు వెడలిపోయినను లోలకము ఊగుచునే యుండును; అతని రాక దానికి తెలియదు. బాధ్యత ఒక ప్రక్కనే యున్నది. తోలుబొమ్మ యట్లు కాదు. చేయి తీసిన క్షణమున అది తోలుముక్కయై క్రింద పడును. అది బ్రదుకుటకు మనుష్యుడు కావలెను. మనుష్యుడు హనుమంతుడగుటకు అది కావలెను. ఇచ్చట బాధ్యత రెండు ప్రక్కల నున్నది. ఫోర్సైత్ రచనలో మనుష్యుడు తన దేహమును గూర్చి జాగరూకుడగును. బొమ్మలాటలో తన దేహమును మఱచి పరాకృతిలో ప్రవేశించును. రెండును నృత్యరచనలే. కాని రెండవదానిలో రసమునకు త్రోవ కలదు.

పూర్వపక్షములు, సమాధానములు

బొమ్మలాట ప్రయోజనము కథ చెప్పుట గాని నృత్యము కాదని కొందఱనవచ్చును. కథను పుస్తకము చెప్పగలదు, పురాణికుడు చెప్పగలడు. కథ తెలిసిన జనమే తెల్లవాఱులు కూర్చుండి చూచిరనగా వారు కోరినది కథను గాదు, కథ కదలుటను.

మఱియొక ఆక్షేపణ గట్టిది. ఆట తగ్గినను బొమ్మల వృత్తి నిలిచినది గదా, శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో దీపపు తొడుగులు, గోడచిత్రములు చేసి కుటుంబములు గౌరవముగా బ్రదుకుచున్నవి గదా, అందు దోషమేమి? దోషమేమియు లేదు. కడుపు నింపు పనిని ఆక్షేపించు హక్కు విమర్శకునకు లేదు. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లోను, పింగుళికి చెందిన పరశురామ్ గంగావణెగారికి 2021లోను, కొప్పళ జిల్లాకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతరగారికి 2025లోను పద్మశ్రీ పురస్కారములు ప్రకటింపబడుట మనకెల్లరకు సంతోషము. దోషము కొనువారమైన మనలో నున్నది. దీపపు తొడుగునకు కీలు లేదు. భుజమున రంధ్రము ఎచ్చట తొలువవలెను, దారపు ముడి ఎంత వదులుగా నుండవలెను, నడుము ఎచ్చట ఖండింపవలెను అను జ్ఞానము ఆడించినవానికే తెలియును. కీలు అంగుళము ప్రక్కకు జరిగినచో బొమ్మ నమస్కరింపలేదు. కీళ్ళు లేని తోలునే ఒక తరమంతయు కోసినచో, ఆ జ్ఞానము ఎవరును చంపకయే చచ్చిపోవును. అటుపిమ్మట ఆటను పునరుద్ధరింప దలచినను, గోడమీది బొమ్మ మనకు దానిని నేర్పజాలదు.

కర్తవ్యము

ఇట్టి స్థితిలో ప్రవాసాంధ్ర సమాజములు చేయగలిగిన పనులు కొన్ని కలవు. ఇవి భారీ ధనము కోరునవి కావు. ఆటను చిత్రీకరించునప్పుడు తెరముందు ఒక కెమేరాతో తృప్తిపడక, తెర వెనుక ఒకటి, పాదముల దగ్గఱ ఒకటి నిలుపవలెను. ఏ ఘట్టమున ఏ తాళము, ఏ చేతిలో ఏ కఱ్ఱ, ఎన్నవ అడుగున పలక మ్రోగెను అను వివరములను, ఆడించువారి మాటలలోనే, వ్రాసి యుంచవలెను. స్త్రీలు పాడు పాటలను, పలుకు పాత్రలను విడిగా గుర్తింపవలెను. వారి పేరు లేక ఆటను వర్ణించుట అన్యాయము. సమాజ భవనమునకు బొమ్మ కొనదలచినచో కీళ్ళతో కఱ్ఱలతో కూడిన బొమ్మనే కొని, ఏటికొకసారి దానిని ఆడించుటకు ఆ కుటుంబమును పిలిచి తగు పారితోషిక మీయవలెను. బొమ్మకు గాక ఆటకు వెల కట్టుట మనము నేర్వవలెను.

మఱొక సూచన. ఒకే రాత్రి, ఒకే ఘట్టమును—లంకాదహనము ననుకొందము—తెలుగు, కన్నడ, ఒడియా బృందముల చేత వరుసగా ఆడింపవచ్చును. కీళ్ళు గల హనుమంతుడును, కీళ్ళు లేని హనుమంతుడును ఒకే సభలో లంకను దహించినప్పుడు ఎవరి బొమ్మ పెద్దదను వాదము తానే అణగిపోవును. ఏ తోలునకు ఏ నడక తగునో ప్రేక్షకులు స్వయముగా తెలిసికొందురు. బళ్ళారిలో గాని, బరంపురములో గాని, హోసూరులో గాని ఇట్టి సభ జరుపుటకు మనకంటె అనుకూలమైన వారెవ్వరు? రెండు భాషల నడుమ నిలుచుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. మనుష్యునికిని బొమ్మకును నడుమ నిలుచు విద్య ఆ కుటుంబములది. ఈ రెండు విద్యలును కలిసినచో తెర వెనుకటి నృత్యము మన పిల్లలకు కూడ కనబడును.